మిషన్ మరిగిందా, చెవి మరిగిందా

మా ఆయన హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు. ధ్వని పాఠం చెప్పాలంటే సూర్యాపేట చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. శ్రుతిదండాన్ని రబ్బరు సుత్తితో కొట్టి ఒక్కో పిల్ల చెవి దగ్గరా పెట్టి, "కొలిచి చూడనిదే ఏదీ నమ్మొద్దు, నేను చెప్పినా నమ్మొద్దు" అనేవాడు. పిల్లలు ఆ మాటను నోటుపుస్తకాల అట్టల మీద రాసుకునేవాళ్లు. అదే మనిషి 2011 ఆషాఢంలో సబ్బుబిళ్ళంత నల్లడబ్బాను బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టి, ఎవరూ వినని పాటలను దానికి రెండు వందల గంటలు వినిపించాడు.

నేను తెలుగు చెబుతాను, వేరే ఊళ్లో, వేరే బళ్లో. నాది కోదాడ. 2001లో పెళ్లై సూర్యాపేట వచ్చినప్పుడు నేను "ఉంటుంది" అంటే మా అత్తమ్మ నవ్వేది, ఆమె "ఉంటది" అంటే నేను లోపల్లోపల దిద్దేదాన్ని. కొత్త కోడలికి అలవాటు పడడానికి ఆ ఇంట్లో ఎవరూ రెండు వందల గంటలు ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున్నే పదిమందికి టీ పెట్టమన్నారు. పంచదార తక్కువైందని ఆరుగురు చెప్పారు. అందుకేనేమో, ఆ నల్లడబ్బాకి జరిగిన మర్యాద చూసి నాకు కడుపు మండింది.

అసలా డబ్బా ఏమిటో ముందు చెప్పాలి. ఫోనుకీ హెడ్‌ఫోన్లకీ మధ్య తగిలించే ఆంప్లిఫయర్ అది. జేబులో పడుతుంది. ఫోన్లోంచి వచ్చే పాటను పెంచి, చిక్కబరిచి చెవికి అందిస్తుందట. "ఫోన్లోనే సౌండు పెంచుకుంటే సరిపోదా అండీ?" అని అడిగాను. నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో తప్పు చెప్పిన పదో తరగతి పిల్లాడిని చూసినట్టు చూశాడు నన్ను.

పాటలంటే ఆయన మొదట్నుంచీ చెవికోసుకుంటాడు. పెళ్లినాటికి ఆయన దగ్గర ఒక క్యాసెట్ ప్లేయరు ఉండేది. ఆదివారం పూట దానికి స్పిరిట్‌తో తలంటు. తర్వాత సీడీలు వచ్చాయి, ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. ఇంటర్నెట్టే ఆయన్ను చెడగొట్టింది. అందులో హెడ్‌ఫోన్ల భక్తులు చేరే ఒక చర్చావేదిక ఉంది. అక్కడి వాదన ఒక్కటే: కొత్త ఆంప్లిఫయరు కొన్నాక ఎన్ని గంటలు నడిపితే దాని అసలు గొంతు బయటపడుతుంది? యాభై అని ఒకడు, రెండు వందలని ఇంకొకడు, నాలుగు వందలకు తక్కువైతే మాట్లాడకండని మరొకడు. దీన్ని వాళ్లు "బ్రేకిన్" అంటారు. యాభై గంటలకు తెర తొలుగుతుందట. నూరు దాటితే లోతు వస్తుందట. రెండు వందలకు గాయని మన పక్కకొచ్చి కూర్చుంటుందట. నేను కూడా ఆయన భుజం మీంచి ఆ రాతలన్నీ చదివాను. ఇన్ని గంటలు నడిపాక పాడైందని రాసినవాడు ఒక్కడంటే ఒక్కడు కనపడలేదు. నాకు తెలిసిన వస్తువులేవీ అలా ఒకే దిక్కుగా మెరుగుపడవు. కొత్త చెప్పులు కరవడం మానుతాయి, నిజమే. మానిన కొన్నాళ్లకే వారు తెగుతుంది.

ఆయనకో జత భక్తుడు ఉండేవాడు, కోదాడలో. ఎరువుల దుకాణం ఆయనది. యూరియా బస్తాల మధ్య కూర్చుని చెవులకు పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే రైతులు వచ్చి చేత్తో తట్టి లేపాలి. ఇద్దరూ కలిసి ఒకే రకం ఆంప్లిఫయర్లు రెండు తెప్పించారు. రెండూ నలుపే, రెండూ ఒకే కొలతే. పార్సిలు ఆషాఢంలో వచ్చింది. ఎరువుల దుకాణం ఆయన, "ఆషాఢంలో కొత్త వస్తువు తీయకూడదండి, మా ఇంట్లో ఒప్పుకోరు, శ్రావణం రానీండన్నా" అని తన డబ్బాను అట్టపెట్టె విప్పకుండానే దాచుకున్నాడు. మా ఆయన ఆ మూఢనమ్మకానికి ఒక పూట నవ్వాడు. నవ్వడం అయిపోయాక తన డబ్బాను బ్రేకిన్‌కి పెట్టాడు.

పెట్టే ముందు మా అత్తమ్మ అడ్డొచ్చింది. కొత్త మిషన్‌ను బొట్టు పెట్టకుండా వాడితే ఆమె ఒప్పుకోదు. ట్రాక్టరైనా, గ్రైండరైనా, చివరికి టార్చిలైటైనా సరే. డబ్బా మీద వేలితో పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, "ఇగ నడుపుకో" అంది.

ఇంతకీ బ్రేకిన్ ఎలా చేస్తారంటే, డబ్బాకు ఫోను తగిలించి, హెడ్‌ఫోన్లు తగిలించి, పాటలు ఆగకుండా పెట్టి, అన్నిటినీ బట్టల మధ్య పాతిపెట్టాలి. పాటల మధ్య గంటసేపు వాన హోరు లాంటి చప్పుడు పెట్టాలి. ముఖ్యంగా, వినకూడదు. గంటలు నిండకముందే వింటే పచ్చి శబ్దానికి చెవి చెడుతుందట. పాత హాజరుపట్టీ ఒకటి బడి నుంచి తెచ్చి అందులో డబ్బాకు హాజరు వేసేవాడు మా ఆయన. రోజుకు ఎన్ని గంటలు, కరెంటు పోయి ఎన్ని తగ్గాయి, అన్నీ. ఆ పట్టీ మీద మా బళ్లో పిల్లలకు కూడా లేనంత క్రమశిక్షణ కనిపించేది.

"బిరేకు పడ్డదా?" అని అత్తమ్మ రోజూ అడిగేది. ఆమెకు అప్పటికే చెవులు కాస్త మందగించాయి. బ్రేకిన్‌ను బస్సు బ్రేకు అనుకుంది. ఒకరోజు మా ఆయన ఓపిగ్గా కూర్చోబెట్టి, గట్టిగా, బ్రేకిన్ అంటే ఏమిటో వివరించాడు. కొత్త మిషన్ మొరటుగా ఉంటుంది, కొన్నాళ్లు నడిపితే దారిలోకి వస్తుంది అన్నాడు.

"మరుపుడా?" అంది అత్తమ్మ, ముఖం విప్పారి.

ఆమె పుట్టిల్లు తిరుమలగిరి దిక్కు, గొర్లమంద ఉన్న ఇల్లు. మరుపుడంటే అలవాటు చేయడం. మరిగిందంటే అలవాటు పడిందని. తెలుగు మేష్టారమ్మనైన నాకు కూడా "రుచి మరిగింది" అన్న మాటలో తప్ప ఆ క్రియ తగిలింది తక్కువ. ఆమె నోట్లో అది రోజువారీ మాట.

"తల్లి సచ్చిన పిల్లను ఇంకో గొర్రెకు మరుపుతం" అంది. "గొర్రెను పట్టుకోని నిలవెట్టాలె. పిల్లను పొదుగుకాడ వెట్టాలె. తంతది. తన్ననియ్యాలె. మల్ల వెట్టాలె. నాలుగు దినాలకు మరుగుతది. నువ్వేంది, పిల్లనొక్కదాన్నే దొడ్లె కట్టేసి మరుపుతున్న అంటవ్? వినెటోడు లేకుంట ఎట్ల మరుగుతది రా?"

"అమ్మా, ఇది కరెంటు వస్తువే. నీకు తెల్వది, జర ఊకో."

ఆమె ఊరుకుంది. నేను నవ్వుకున్నాను. ఆషాఢం మొత్తం మీద ఆ ఇంట్లో వినపడ్డ ఒకే ఒక్క శాస్త్రీయమైన మాట అదేనని నాకు తర్వాత్తర్వాత తెలిసింది.

శ్రావణం మొదటి ఆదివారం కోదాడలో పరీక్ష పెట్టుకున్నారు. మా పుట్టింటికి కూడా పోవచ్చు కదా అని నేనూ బయలుదేరాను. ఎరువుల దుకాణం ఆయన ఇంట్లో టీపాయి మీద రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టారు. ఒకటి మాది, రెండు వందల పన్నెండు గంటలు నడిచింది, బొట్టుతో. రెండోది ఆయనది, ఆ పొద్దునే అట్టపెట్టె విప్పింది, ఇంకా ప్లాస్టిక్ వాసన వేస్తోంది. ముందు భోంచేసి, చెవులు ప్రశాంతంగా ఉన్నప్పుడు విందామన్నారు. చేతులు కడుక్కోవడానికి ఇద్దరూ పెరట్లోకి పోయారు.

ఆ గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. శ్రావణమాసం కదా అని ఆ రోజు స్టిక్కరు మాని కుంకుమ పెట్టుకున్నాను. ఇది ముందుగా వేసుకున్న పథకం కాదు, ప్రమాణం చేసి చెప్పగలను. పక్కనే పూజకు పెట్టిన పసుపు పళ్లెం ఉంది. చెంగు తడిపి మా డబ్బా మీది బొట్టు తుడిచాను. పళ్లెంలోంచి చిటికెడు పసుపు, నా నుదుటి మీంచి ఇంత కుంకుమ తీసి రెండో డబ్బా మీద పెట్టాను. స్థానాలు మార్చాను. తర్వాత బుద్ధిగా వడ్డించడానికి వెళ్లాను.

భోజనాలయ్యాక మా ఆయన బొట్టున్న డబ్బా అందుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మొహంలో ఒక్కొక్క కండరమూ వదులైంది. "విన్నవా?" అన్నాడు గాలిలోకి. "తబలా అంత దూరంల ఉంది, గొంతు ఇగో ఈడ ఉంది. ఊపిరి తీసుకునుడు గూడ ఇనొస్తుంది." ఆ తర్వాత బొట్టు లేని డబ్బా, అంటే ఆషాఢమంతా ఆయన పెంచి పెద్దచేసిన మా సొంత డబ్బా, తగిలించుకున్నాడు. పావు నిమిషం కూడా కాలేదు, మొహం చిట్లించి తీసేశాడు. "పచ్చిగుంది. రేకు డబ్బాల గులకరాళ్లేసినట్టుంది."

ఎరువుల దుకాణం ఆయన కూడా రెండూ విని, దిగాలుగా తలూపాడు. "నిజమేనన్నా. మాది ఇంకా శానా దూరం పోవాలండి."

అప్పుడే చెప్పేసి ఉండాలి నేను. నోటిదాకా వచ్చింది. కానీ ఇద్దరూ ఎంత నమ్మకంగా ఉన్నారంటే, ఆ నమ్మకాన్ని పగలగొట్టడం కంటే దాన్ని చూస్తూ కూర్చోవడమే నాకు రుచిగా అనిపించింది. బస్సెక్కేటప్పుడు ఎవరి డబ్బా వాళ్లు తీసుకున్నారు, బొట్టు గుర్తు చూసుకుని. అంటే ఒకరిది ఒకరు తీసుకున్నారు. ఎరువుల దుకాణం ఆయన, అప్పటికే రెండు వందల పన్నెండు గంటలు నడిచిన డబ్బాను ఇంకో రెండు వందల గంటలు బస్తాల మధ్య నడిపి, భాద్రపదంలో ఫోన్ చేశాడు: "అన్నా, ఇప్పుడు మీ లెవెలుకొచ్చిందండి!" మా ఆయన ఫోనులోనే అభినందించాడు.

నేనా రహస్యాన్ని ఆవకాయ జాడీలా అటక మీద పెట్టుకున్నాను. మా ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా మూత తీసి వాసన చూసుకునేదాన్ని. భౌతికశాస్త్రం మాస్టారు అత్తమ్మతో, "నీకు తెల్వది" అన్నప్పుడల్లా, స్టాఫ్‌రూములో ఎవరితోనో బ్రేకిన్ గురించి గంటసేపు మాట్లాడి వచ్చినప్పుడల్లా, నాలో నేను నవ్వుకునేదాన్ని. ఏడాది పైన బతికాను ఆ నవ్వు మీద.

ఈలోగా అత్తమ్మ చెవులు పూర్తిగా పోతూ వచ్చాయి. మొదట బయటి గేటు చప్పుడు పోయింది. తర్వాత కుక్కరు కూత, ఆ తర్వాత మా మాటలు. మనుషుల మధ్య కూర్చుని అందరూ నవ్వినప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేది. అది చూడలేకపోయేదాన్ని. ఆమెకు ఒక్క చెల్లెలు, నడిగూడెంలో ఇచ్చారు. నేను చిన్నత్తమ్మ అని పిలిచేదాన్ని. ఆమె ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. అత్తమ్మ ఫోను చెవికి ఆనించుకుని, ఏమీ వినపడకపోయినా, "ఆఁ... ఆఁ... మంచిది చెల్లె, పైలం" అని పెట్టేసేది. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోవడం అలా ఆగిపోయింది. "దాని మాట ఇనొస్తె సాలు బిడ్డా, ఇంకెవ్వల్ది ఇనకపోయినా మాయె" అంది నాతో ఒకసారి. ఆమె ఏదీ అడిగే మనిషి కాదు. మా ఆయన మర్నాడే సెలవు పెట్టాడు.

మిర్యాలగూడలో చెవి డాక్టరు మంచివాడని ఎవరో చెబితే ముగ్గురం బస్సులో వెళ్లాం. 2012 సెప్టెంబరు. డాక్టరు నిజంగానే మంచివాడు, కాకపోతే తీరికలేనివాడు. గది బయట ఊరంతా ఉంది. పరీక్షలు చేయించి జేబు మిషన్ రాసిచ్చాడు. అదెలా ఉందంటే, సబ్బుబిళ్ళంత డబ్బా, అందులో సన్న సెల్లు, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిళ్ళ. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి నా వైపు చూశాడు. ఆ కళ్లలో వెలుగు నేను ఆపాల్సిన వెలుగు. "ఇది ఆంప్లిఫయరే" అన్నాడు.

వస్తూ వస్తూ తలుపు దగ్గర డాక్టరును అడిగాడు: "ఎట్ల వాడాలె సార్?"

డాక్టరు తల ఎత్తకుండా తర్వాతి చీటీ రాస్తూ, "కొత్తల బాగ చప్పుడైతది. కంగారుపడొద్దు. ఒక పదిహేను రోజులు మిషన్ అలవాటు చెయ్యండి, సెట్టయితది" అన్నాడు.

మిషన్ అలవాటు చెయ్యండి. ఆ వాక్యంలో ఒక విభక్తి లేదు. మిషన్‌కు అలవాటు చెయ్యాలా, మిషన్‌ను అలవాటు చెయ్యాలా? ఒక చోట మనిషి మారాలి, ఇంకో చోట మిషన్ మారాలి. మాట్లాడేటప్పుడు అందరం విభక్తులు మింగేస్తాం, తప్పు డాక్టరుది కాదు. కానీ ఆ వారమంతా నేను ఎనిమిదో తరగతికి విభక్తులే చెబుతున్నాను. ని-ను-ల-కూర్చి-గురించి అని పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. కళ్లెదుట విభక్తి జారిపోతే నేను తీసుకుని అతికించలేదు. మా ఆయన తీసుకుని తనకు కావలసినదాన్ని అతికించుకున్నాడు.

ఇంటికొచ్చిన రోజే జేబు మిషన్‌కు అత్తమ్మ చేత బొట్టు పెట్టించి, రేడియో పక్కన పెట్టి, రెంటినీ బీరువాలో నా చీరల కింద పాతిపెట్టాడు. పాత హాజరుపట్టీలో కొత్త పేజీ తెరిచాడు.

"ఏమండీ, డాక్టరు గారు చెప్పింది చెవిలో పెట్టుకుని అలవాటు చేసుకోమనేమో?" అన్నాను.

"పచ్చి మిషన్ పెడితె అమ్మ బెదిరి, ఇగ జన్మల పెట్టుకోదు. ముందు దీన్ని మరగనీ."

అప్పుడు అటక మీది జాడీ దించి ఉండాలి. బొట్టు సంగతి ఒక్కటి చెబితే చాలు, మిషన్ ఆ పూటే బీరువాలోంచి బయటికొచ్చేది. కానీ అప్పటికి ఏడాదిగా దాచిన మాట. చెబితే పరువు పోయేది ఆయనది, గొడవ పడేది నేను. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. పదిహేను రోజులేగా, పోనీ అనుకున్నాను.

చెవి బిళ్ళ బట్టల్లో నలిగినప్పుడల్లా ఆ మిషన్ కీచుమని ఈల వేసేది. నాకు వినపడేది, మా ఆయనకు వినపడేది, పక్కింటివాళ్లు కూడా పిట్టను పెంచుతున్నారా అని అడిగారు. అత్తమ్మ కోసం తెచ్చిన మిషన్ అత్తమ్మకు తప్ప వీధి వీధంతటికీ వినపడేది. ఆమె రోజూ పొద్దున బీరువా వైపు చూపించి, చేయి తిప్పి, అయిందా అన్నట్టు అడిగేది. మా ఆయన వేళ్లు చూపించేవాడు. పన్నెండు. పదకొండు. పది. కొడుకు సైన్సు సారు కదా, ఆమె తలూపేది. ఇదివరకు గొర్రెపిల్ల సంగతి చెప్పిన మనిషి తన దాకా వచ్చేసరికి ఆ మాటే ఎత్తలేదు. నీకు తెల్వది అని ఒకసారి చెప్పించుకుంది కదా.

వేళ్లు ఆరు చూపించిన రోజు మధ్యాహ్నం నడిగూడెం నుంచి చిన్నత్తమ్మ వచ్చింది. ఫోన్లో పని కావడం లేదని బస్సెక్కి స్వయంగా వచ్చింది. మా ఆయన బడికి పోయాడు. నేను సెలవు పెట్టి పేపర్లు దిద్దుకుంటున్నాను. చిన్నత్తమ్మ మంచినీళ్లు తాగి, అక్క పక్కన మంచం మీద కూర్చుని, అక్క చేయి తన ఒళ్లో పెట్టుకుని, మాట్లాడడం మొదలుపెట్టింది. తలుపు తీసే ఉంది. నేను పక్క గదిలో, నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

ఆమె గంటన్నర మాట్లాడింది. గట్టిగా కాదు, మామూలుగా. వినపడదని తెలిసి కూడా. మధ్యలో రెండుసార్లు నవ్వింది, ఒకసారి ముక్కు చీదుకుంది. అత్తమ్మ "ఆఁ, ఆఁ" అంటూనే ఉంది. నేను విభక్తుల ప్రశ్నకు మార్కులు వేస్తూ ఉన్నాను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చిన్నత్తమ్మ నన్నడిగింది: "అక్కకు సమజైందంటవా బిడ్డా?"

"మిషన్ వచ్చింది చిన్నత్తమ్మా, ఇంకో ఆరు రోజులు ఆగాలి. అప్పుడు మళ్లీ రండి, తనివితీరా మాట్లాడుకుందురు గానీ."

"గట్లనా? అయితె మల్లొచ్చినప్పుడు సెప్త తియ్" అని కొంగు సర్దుకుని బస్‌స్టాండుకు నడిచింది.

పదహారో రోజున మిషన్‌ను ఊరేగింపుగా తీసి అత్తమ్మ చెవిలో పెట్టాం. మా ఆయన మొహం పదో తరగతి ఫలితాల రోజులా ఉంది. మీట వేశాడు. అంతలో వంటింట్లో గిన్నె జారి పడింది. అత్తమ్మ ఉలిక్కిపడి, చెవి బిళ్ళ పీకి, రెండు చేతులతో తల పట్టుకుంది. పెట్టుకున్న ప్రతిసారీ అంతే. ఫ్యాను తిరిగితే తుఫాను, చీపురు ఊడిస్తే వాన. రెండు వారాలు మరిగిన మిషన్ కొన్న రోజున ఎంత పచ్చిగా ఉందో అంతే పచ్చిగా ఉంది. మా ఆయన మళ్లీ మిర్యాలగూడ పోయి, ఈసారి గంటసేపు బయట కూర్చుని, తిట్లు తిని వచ్చాడు. "చెవిల పెట్టాలెనంట" అన్నాడు చెప్పులు విడుస్తూ. "రోజుకు అరగంట, తర్వాత గంట. మరగాల్సింది మనిషంట." అత్తమ్మ అది వినలేదు. వినుంటే ఏమనేదో నాకు తెలుసు.

అప్పుడు మొదలైంది అసలు మరుపుడు. అరగంట, ముప్పావుగంట. తన్ననిచ్చి, మళ్లీ పెట్టి. ఎనిమిదో రోజున అత్తమ్మ కుక్కరు కూత విని, "నాలుగయినయి, దించు" అంది. నేను పొయ్యి దగ్గరే ఏడ్చాను.

పదో రోజున నడిగూడెం నుంచి ఫోన్ వచ్చింది. చిన్నత్తమ్మకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచేయి పోయింది. మాట పడిపోయింది.

నడిగూడెం పోయేటప్పుడు అత్తమ్మ మిషన్ తీయనివ్వలేదు. చెల్లెలి మంచం మీద కూర్చుని, రవికెకు తగిలించిన డబ్బాను తీసి చెల్లెలి నోటి దగ్గరగా పట్టుకుంది. "సెప్పు చెల్లె. ఇప్పుడు ఇనొస్తది. సెప్పు" అంది. చిన్నత్తమ్మ నోరు ఒక పక్కకు పోయింది. చాలాసేపు కష్టపడి "ఊఁ" అంది. అత్తమ్మకు ఆ "ఊఁ" వినపడింది. స్పష్టంగా వినపడింది.

తిరుగు బస్సులో ఆమె ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. వెనక సీట్లో మా ఆయనకు బొట్టు సంగతి చెప్పాను. అంతా చెప్పాను, చెంగు తడపడం దగ్గర్నుంచి. కోప్పడతాడనుకున్నాను.

"మరి నాకు తేడా ఇనొచ్చింది గదా" అన్నాడు. "నిజంగనే ఇనొచ్చింది."

"మిషన్ మరగలేదండీ. మీరు మరిగారు."

"అప్పుడే చెప్పకపోయినవ్?" అన్నాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇంటికి పోయాక హాజరుపట్టీని చింపి పొయ్యిలో వేశాడు. నల్లడబ్బా ఆ తర్వాత వాడలేదు. 2014లో ఇల్లు మారేటప్పుడు చీరల కింద దొరికింది. బొట్టు ఇంకా ఉంది, నా నుదుటి కుంకుమ. బ్రేకిన్ వల్ల ఆంప్లిఫయర్లు మెరుగవుతాయా అని ఈ మధ్య కూడా ఎవరో ఆయన్ను అడిగారు. "వినెటోడు మెరుగైతడు, అదైనా వింటేనే" అన్నాడు. ధ్వని పాఠం ఇప్పుడు ఇంకా బాగా చెబుతాడట.

నడిగూడెం నుంచి వచ్చిన మర్నాడే అత్తమ్మ నన్ను పిలిచింది. మిషన్ పెట్టుకునే ఉంది. నేను మామూలు గొంతుతో మాట్లాడినా వినపడుతున్న రోజులవి.

"బిడ్డా, ఆ దినం నా చెల్లె వచ్చి గంటన్నర కూసున్నది గద. ఏందేందో సెప్పింది. నాకు ఇనొస్తలేకుండె. నువ్వు గాడనే ఉంటివి గద, నీ చెవులు మంచిగున్నయి. ఏం సెప్పింది?"

ఆమె కళ్లల్లో ఎంత ఆశ ఉందంటే, ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకున్నాను. కథలు చెప్పడం చేతనైన మనిషినే. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగా ప్రయత్నించాను. రెండు నవ్వులు గుర్తొచ్చాయి, ఒక ముక్కు చీదడం గుర్తొచ్చింది. మాట ఒక్కటీ రాలేదు. పదకొండేళ్లుగా వింటున్న గొంతు అది. ఫ్యాను చప్పుడులా అలవాటైపోయి, నా చెవి దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది.

"నేను వినలేదు అత్తమ్మా" అన్నాను.

కసురుతుందేమో అనుకున్నాను. లేదు. చేయి చాచి నా చెంప మీద, చెవి దగ్గర తట్టింది.

"నువ్వేం జేస్తవ్ తియ్ బిడ్డా" అంది. "నీకు మిషన్ లేకపాయె."